పైథాన్ స్క్రిప్ట్‌తో తెలుగు పుస్తకం పీడీఎఫ్: పదసూచిక పేజీలన్నీ తప్పు, సర్వర్‌లో ఆగిపోతోంది

పుస్తకాలపిచ్చి
మాది చిన్న ప్రచురణ, ఏడాదికి రెండో మూడో పుస్తకాలు. ఇప్పుడు చేస్తున్నది ఒక వ్యాసాల సంకలనం, 400 పేజీలు దాటింది, డెమ్మీ సైజు. వ్యాసాలన్నీ మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులు పెట్టి రాసే పద్ధతి) ఉన్నాయి. పైథాన్ స్క్రిప్ట్ ఒకటి రాశా, అది పాన్‌డాక్ అనే మార్పిడి ప్రోగ్రామ్‌తో వాటిని టెక్ ఫైల్ చేసి, దాన్ని పేజీలుగా పేర్చే లేటెక్ ఇంజన్ జీలేటెక్ ఒకసారి నడిపి, పదసూచిక తయారుచేసే మేక్‌ఇండెక్స్ నడిపి, మళ్ళీ జీలేటెక్ నడిపి పీడీఎఫ్ ఇస్తుంది. ప్రూఫ్ దిద్దిన ప్రతిసారీ ఒక్క కమాండ్ కొడితే చాలని ఆశ.

తలనొప్పులు ఏంటంటే, ఒకటి, విషయసూచికలో పేజీ నంబర్లు తప్పు, వెనక పదసూచికలో ఇంకా తప్పు. రెండు, పదసూచిక అక్షరక్రమం విచిత్రంగా ఉంది, అ, క, చ అని మధ్యలో శీర్షికలు రావట్లేదు, అంతా ఒకటే ముద్ద. మూడు, నా ల్యాప్‌టాప్‌లో నడిచే స్క్రిప్టే అద్దె సర్వర్‌లో టీమక్స్ (లాగౌట్ అయినా నడుస్తూ ఉండే టెర్మినల్) తెరిచి నడిపితే గంటలకొద్దీ అలాగే కూర్చుంటోంది, ఎర్రర్ లేదు, పీడీఎఫ్ లేదు. బయటి ప్రోగ్రాములు పిలవడానికి పైథాన్ సబ్‌ప్రాసెస్ రన్ వాడుతున్నా, అవి తెర మీద రాసే అవుట్‌పుట్ క్యాప్చర్ చేస్తున్నా. ఫోన్‌లో టైప్ చేస్తున్నా కాబట్టి కమాండ్లు కూడా తెలుగులోనే, ఏమనుకోవద్దు.

లాగ్_లచ్చిమి
పదసూచికలో తేడా ఎంత? అన్ని పదాలకీ ఒకటే తేడానా, ఒక్కోదానికి ఒక్కోలా ఉందా?

పుస్తకాలపిచ్చి
ఇప్పుడే చూశా అక్కా. ఓ పదిహేను పదాలు పట్టి చూస్తే అన్నిటికీ 6 పేజీలు తక్కువ చూపిస్తోంది. 118లో ఉన్నది 112 అంటోంది.

లాగ్_లచ్చిమి
విషయసూచిక ఎన్ని పేజీలొచ్చింది? అధ్యాయాలు కుడి పేజీలోనే మొదలవుతున్నాయా? పేజీ నంబర్లు మొదటి నుంచీ ఒకే వరసా, లేక ముందుమాటలకి రోమన్ అంకెలా?

పుస్తకాలపిచ్చి
8 పేజీలు. అవును, కుడి పేజీలోనే. నంబర్లు మొదటి నుంచీ ఒకే వరస, రోమన్ లేదు.

లాగ్_లచ్చిమి
అయితే దొరికింది. మొదటిసారి జీలేటెక్ నడిచినప్పుడు విషయసూచిక ఫైలే ఉండదు కదా, కాబట్టి "విషయసూచిక" అన్న శీర్షిక ఒక్కటే ఒక పేజీలో పడుతుంది, దాని వెనక ఖాళీ పేజీ, మొత్తం 2. ఆ లెక్కతోనే పదాల పేజీలు ఐడీఎక్స్ ఫైల్లోకి రాసేస్తుంది. నువ్వు వెంటనే మేక్‌ఇండెక్స్ నడిపితే అది ఆ లెక్కనే నమ్ముతుంది. రెండోసారి నడిపినప్పుడు విషయసూచిక నిజంగా 8 పేజీలు అవుతుంది, పుస్తకం మొత్తం 6 పేజీలు వెనక్కి జరుగుతుంది, పదసూచిక మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. 8 లోంచి 2 తీస్తే 6. విషయసూచికలో నంబర్లు తప్పడానికీ అదే కారణం, అది కూడా మొదటి రన్ నాటి నంబర్లే అచ్చేస్తోంది.

నీ వరసలో జీలేటెక్ ఇంకోసారి, మేక్‌ఇండెక్స్ ఇంకోసారి, ఆ తర్వాత మళ్ళీ జీలేటెక్ కావాలి. పదసూచికని విషయసూచికలో చూపిస్తే ఇంకోటి కూడా పట్టొచ్చు.

పుస్తకాలపిచ్చి
అమ్మో 😮 ఆ 6 ఎక్కణ్ణుంచి వచ్చిందా అని జుట్టు పీక్కుంటున్నా. అంటే పైథాన్‌లో లూప్ పెట్టి నాలుగైదుసార్లు తిప్పేస్తే సరిపోతుందా?

కొలిమి_కోడర్
సరిపోతుంది కానీ అది నాటు పద్ధతి బ్రో. కామా ఒకటి దిద్దినా ఐదుసార్లు తిరుగుతుంది, రేపు ఫుట్‌నోట్లు, క్రాస్ రిఫరెన్సులు పెరిగితే ఐదు కూడా చాలకపోవచ్చు. ఎన్నిసార్లు తిప్పాలన్నది ముందే అనుకోకూడదు, ఆక్స్ (క్రాస్ రిఫరెన్సుల లెక్క), టీఓసీ (విషయసూచిక), ఐడీఎక్స్ ఫైళ్ళు పోయినసారికీ ఈసారికీ మారాయా అని చూసి, మారినంతసేపు తిప్పాలి. ఒక్కో ఫైల్‌కి హ్యాష్ (ఫైల్ మారితే మారిపోయే వేలిముద్ర లాంటి విలువ) తీసి డిక్షనరీలో పెట్టుకో, రన్ తర్వాత పోల్చు, ఏమీ మారకపోతే ఆపెయ్. పైన ఒక గరిష్ఠ సంఖ్య పెట్టు, లేకపోతే కొన్ని డాక్యుమెంట్లు ఎప్పటికీ కుదురుకోవు, ఒక రిఫరెన్స్ పేజీ 99 అయితే లైన్ ఇక్కడ తెగుతుంది, 100 అయితే అక్కడ తెగుతుంది, అలా ఊగుతూనే ఉంటాయి.

పెర్ల్_తాతయ్య
ఇదంతా లేటెక్‌ఎంకే ఎప్పట్నుంచో చేస్తోంది నాయనా. పెర్ల్‌లో రాసిన స్క్రిప్ట్, లేటెక్ సరంజామా అంతా ఉండే టెక్‌లైవ్‌తో పాటే వస్తుంది. ఏ ఫైల్ ఏ ఫైల్ మీద ఆధారపడిందో అదే చూసుకుంటుంది, ఐడీఎక్స్ మారితే మేక్‌ఇండెక్స్, బిబ్ (ఉపయుక్త గ్రంథాల జాబితా) మారితే దాన్ని సర్దే బైబర్, తర్వాత మళ్ళీ ఇంజన్. ఐదుసార్లు దాటితే డిఫాల్ట్‌గా ఆపేస్తుంది. మీరు పైథాన్‌లో మళ్ళీ మొదట్నుంచి రాయడం దేనికి?

కొలిమి_కోడర్
తాతయ్యగారూ, రాయడం వల్ల లోపల ఏం జరుగుతోందో తెలుస్తుంది 🙂

పెర్ల్_తాతయ్య
తెలుసుకోండి, తెలుసుకున్నాక చెరిపేయండి.

థీసిస్_బాధితురాలు
తాతయ్యగారి మాటకి నా ఓటు. మా గైడ్ ప్రతి వారం అధ్యాయాల వరస మార్చేవారు, అప్పట్లో బ్యాచ్ ఫైల్ వాడేదాన్ని, ఇంజన్, బైబర్, ఇంజన్, ఇంజన్ అని వరసగా రాసిపెట్టి. లేటెక్‌ఎంకేకి మారాక ఆ గోల లేదు. పైగా జీలేటెక్ ఆప్షన్ ఇస్తే అది ప్రతిసారీ పీడీఎఫ్ చెయ్యదు, మధ్య రన్నుల్లో ఎక్స్‌డీవీ అనే మధ్య ఫైల్ వరకే చేసి, అంతా కుదురుకున్నాక చివర్లో ఒక్కసారి పీడీఎఫ్‌గా మారుస్తుంది. బొమ్మలు ఎక్కువున్న థీసిస్‌కి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఒక జాగ్రత్త, లేటెక్‌ఎంకేకి చిన్న సీ ఆప్షన్ కొడితే మధ్య ఫైళ్ళు మాత్రమే పోతాయి, పెద్ద సీ కొడితే పీడీఎఫ్ కూడా పోతుంది. మా రూమ్మేట్ సబ్మిషన్ ముందు రాత్రి క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉండగా కొట్టింది. మళ్ళీ కంపైల్ చేస్తే వచ్చేస్తుంది నిజమే, కానీ ఆ నిమిషం ఆ పిల్ల మొహం చూడాలి.

ఓరుగల్లు_పోరడు
మేక్‌ఫైల్ రాస్తే అయిపోతది కదనే, ఇంత లొల్లి ఎందుకు?

పెర్ల్_తాతయ్య
మారిన ఫైళ్ళ మీద ఆధారపడ్డవి మాత్రమే మళ్ళీ తయారుచేసే మేక్‌కి ఇక్కడే చిక్కు తమ్ముడూ. దాని దృష్టిలో ఒక ఫైల్ ఇన్‌పుటో అవుట్‌పుటో అయి ఉండాలి. ఆక్స్ ఫైల్ రెండూనూ. పోయినసారి ఆక్స్‌ని చదివి ఈసారి ఆక్స్‌ని రాస్తుంది. టైమ్ చూసి నిర్ణయించే మేక్‌కి అది ఎప్పుడూ కొత్తగానే కనిపిస్తుంది, లేదా ఎప్పుడూ కనపడదు. మేక్‌ఫైల్ రాసుకోండి, దాని లోపల లేటెక్‌ఎంకేని పిలవండి, అప్పుడు గొడవ లేదు.

ఓరుగల్లు_పోరడు
సమజైంది తాతా.

శంకర్_డీటీపీ
నేను విజయవాడలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీద పుస్తకాలు చేస్తా. ఇదంతా చదువుతుంటే కళ్ళు తిరుగుతున్నాయి. 400 పేజీల పుస్తకానికి ఇంత తతంగం అవసరమా అండీ? మా కుర్రాడు నాలుగు రోజుల్లో చేసి ఇచ్చేస్తాడు, పేజీ చూస్తూ సర్దుతాం, పై లైన్ బిగించాలా, కింద లైన్ వదలాలా కంటికి తెలుస్తుంది.

పుస్తకాలపిచ్చి
శంకర్ గారూ మీరన్నది నిజమే, కంటితో సర్దినంత అందం మెషీన్‌తో రాదు. నా ఇబ్బంది అదికాదు. మా రచయిత మూడో ప్రూఫ్‌లో కూడా ఒక వ్యాసం తీసి ఇంకోటి పెట్టమంటారు. అప్పుడు పదసూచిక మొత్తం ఎవరు మళ్ళీ రాస్తారు? పైగా అనులో చేసింది యూనికోడ్ కాదు, రేపు ఈబుక్ వెయ్యాలంటే మళ్ళీ మార్పిడి, మార్పిడిలో వచ్చే తప్పులకి ఇంకో ప్రూఫ్.

శంకర్_డీటీపీ
పదసూచిక సంగతికొస్తే ఒప్పుకుంటా. మా దగ్గర పదసూచిక పని వస్తే రేటు వేరే. చాలామంది ఆ రేటు విని పదసూచికే వద్దంటారు. మీ పని నడవనీండి, చివర్లో ప్రెస్ విషయాలు ఏమైనా కావాలంటే అడగండి.

గోదారిగట్టు
సర్వర్‌లో ఆగిపోయే సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నాకు తెలిసి అది పైప్ (ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకోటి చదివే గొట్టం) నిండిపోవడం. లినక్స్‌లో పైప్ బఫర్ మామూలుగా 64 కేబీ, జీలేటెక్ వాగుడు ఎక్కువ, నీ పైథాన్ దాన్ని చదవకుండా వెయిట్ చేస్తుంటే అటు జీలేటెక్ రాయలేక ఆగుతుంది, ఇటు నువ్వు అది అయిపోతుందని ఆగుతావు. ఇద్దరూ "మీరు ముందు", "కాదు మీరు ముందు" అనుకుంటూ గుమ్మంలో నిలబడ్డ చుట్టాల్లా.

కొలిమి_కోడర్
ఆ లాక్ సబ్‌ప్రాసెస్‌లోనే ఉన్న పీఓపెన్ వాడి వెయిట్ పెడితే వస్తుంది. ఇతను రన్ వాడుతున్నా అన్నాడు, రన్ లోపల అవుట్‌పుట్‌ని చదువుతూనే ఉంటుంది, కాబట్టి అది కాదు. నా అనుమానం స్టాండర్డ్ ఇన్‌పుట్ మీద. లేటెక్‌కి ఎర్రర్ వస్తే ప్రశ్న గుర్తు పెట్టి "ఏం చెయ్యమంటావ్" అని అడిగి కూర్చుంటుంది. అవుట్‌పుట్ క్యాప్చర్ చేస్తున్నావ్ కాబట్టి ఆ ప్రశ్న నీకు కనపడదు, ఇన్‌పుట్ మాత్రం టీమక్స్ టెర్మినల్‌కే కట్టి ఉంది కాబట్టి నువ్వు ఎంటర్ కొడతావని అది ఎదురు చూస్తోంది.

ఇన్‌పుట్‌కి డెవ్‌నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైల్) ఇవ్వు. జీలేటెక్‌కి ఇంటరాక్షన్ నాన్‌స్టాప్ మోడ్ పెట్టు, హాల్ట్ ఆన్ ఎర్రర్ కూడా పెట్టు. టైమౌట్ ఒకటి పెట్టు. ఈ నాలుగూ లేకుండా లేటెక్‌ని స్క్రిప్ట్‌లోంచి పిలవకూడదు. అప్పుడు ఆగదు, చస్తుంది, చచ్చాక లాగ్ చూస్తే కారణం తెలుస్తుంది.

గోదారిగట్టు
రన్ అన్నది చూడలేదు, సరే. అయితే నా పందెం, సర్వర్‌లో ఫాంట్ లేదు.

పుస్తకాలపిచ్చి
డెవ్‌నల్ పెట్టి నడిపా, రెండు సెకన్లలో చచ్చింది. లాగ్ చివర్లో ఫాంట్లు పిలిచే ప్యాకేజీ ఫాంట్‌స్పెక్ ఎర్రర్, పోతన ఫాంట్ దొరకలేదట. గోదారిగట్టు గారికి పందెం దక్కింది 🙏 ల్యాప్‌టాప్‌లో సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉంది, సర్వర్‌లో లేదు.

గోదారిగట్టు
కాకినాడ కాజా పంపండి చాలు.

లాగ్_లచ్చిమి
సర్వర్‌లో ఇన్‌స్టాల్ చేసి ఊరుకోకు. ఫాంట్ ఫైల్‌ని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే పెట్టి, ఫాంట్‌స్పెక్‌లో పేరుతో కాకుండా పాత్, ఫైల్ పేరుతో పిలువు. పేరుతో పిలిస్తే ఒక్కో మెషీన్‌లో ఒక్కో వెర్షన్ దొరుకుతుంది, వెర్షన్ మారితే అక్షరాల వెడల్పు మారుతుంది, లైన్లు మారతాయి, పేజీలు మారతాయి, నీ పదసూచిక కథ మళ్ళీ మొదటికి. స్క్రిప్ట్ ఆప్షన్ తెలుగు అని ఇవ్వడం మర్చిపోకు, లేకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి.

డల్లాస్_మామ
లువాలేటెక్ (ఇంకో లేటెక్ ఇంజన్) వాడేవాళ్ళకి ఒక మాట. దాని సొంత షేపర్ (అక్షరాలు, వత్తులు కలిపే భాగం) తెలుగుకి సరిగా కుదరకపోవచ్చు, రెండరర్‌కి హార్ఫ్‌బజ్ అని ఇవ్వాలి. టెక్‌లైవ్ 2020 నుంచి లువాలేటెక్ అంటే హార్ఫ్‌బజ్ ఉన్న బైనరీయే నడుస్తోంది కాబట్టి వేరే ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, ఆ ఒక్క ఆప్షన్ చాలు. కొత్త మెషీన్‌లో మొదటిసారి ఫాంట్ డేటాబేస్ కట్టుకోడానికి చాలాసేపు తీసుకుంటుంది, టైమౌట్ తక్కువ పెడితే అక్కడే చస్తుంది.

టైప్స్ట్_బాబు
ఇన్ని పాట్లు పడుతూ ఇంకా లేటెక్ ఎందుకన్నా? టైప్స్ట్ వాడండి. ఒకటే బైనరీ, ఆక్స్ లేదు, టీఓసీ ఫైల్ లేదు, రెండోసారి నడపడం అన్నదే లేదు. రస్ట్ భాషలో రాశారు, సెకన్లలో పీడీఎఫ్. పైథాన్ నుంచి ఒక్కసారి పిలిస్తే అయిపోయింది. డేటా కూడా సీఎస్వీ, జేసన్ నేరుగా చదువుతుంది.

పెర్ల్_తాతయ్య
రెండోసారి నడపడం లేదంటే నీకు కనపడట్లేదని అర్థం బాబూ. విషయసూచిక ఎన్ని పేజీలో తెలియకుండా అధ్యాయం పేజీ ఎవడు చెప్తాడు? అది కూడా లోపల లేఅవుట్‌ని కుదురుకునేదాకా తిప్పుతుంది, దానికీ గరిష్ఠం ఐదే. నువ్వు పెట్టిన లూప్ అది పెట్టుకుంది, అంతే తేడా.

టైప్స్ట్_బాబు
అదే కదా సుఖం తాతయ్యా, నా నెత్తిన లేదు.

థీసిస్_బాధితురాలు
టైప్స్ట్ నాకూ నచ్చింది కానీ మా జర్నల్స్ ఇచ్చే టెంప్లేట్లన్నీ లేటెక్‌వే. సగం పుస్తకం అయ్యాక మారమనడం కూడా న్యాయం కాదు. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి చెప్పు.

టైప్స్ట్_బాబు
అది ఒప్పుకుంటా. పదసూచికకి అందులోనూ విడిగా ప్యాకేజీ పెట్టుకోవాలి, అది కూడా నిజం.

పుస్తకాలపిచ్చి
ఇంకో పుస్తకానికి చూస్తా బాబూ. ఇప్పుడు లేటెక్‌ఎంకేకి మారిపోయా, పేజీలు సరిపోయాయి. కానీ పదసూచిక అక్షరక్రమం అలాగే ఉంది. "అంగడి" అన్నిటికంటే ముందు, "ళ" వచ్చిన పదాలు "వ" కంటే ముందు, శీర్షికలు లేవు.

లాగ్_లచ్చిమి
మేక్‌ఇండెక్స్‌కి తెలుగు రాదు. దానికి అన్నీ బైట్లే. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం మూడు బైట్లు, ఏ అక్షరం తీసుకున్నా మొదటి బైట్ ఒక్కటే, హెక్సాలో ఈ0. శీర్షిక పెట్టడానికి అది మొదటి బైట్ చూస్తుంది, అ కైనా హ కైనా అదే బైట్, కాబట్టి మొత్తం ఒకే గుంపు. వరస యూనికోడ్ నంబర్ల ప్రకారం వస్తోంది. యూనికోడ్‌లో సున్నా, విసర్గ అచ్చుల కంటే ముందున్నాయి, ళ వచ్చి ల పక్కన ఉంది, ఱ వచ్చి ర పక్కన ఉంది. అందుకే నీకు అలా కనిపిస్తోంది.

దారులు రెండు. ఒకటి, ఇండెక్స్ ఎంట్రీలో అసలు పదం ముందు ఎట్ గుర్తుతో సార్టింగ్ కోసం వేరే తాళంపదం ఇవ్వడం. అది పైథాన్ రాసిపెడుతుంది. వరస బాగుపడుతుంది గానీ శీర్షికలు ఆ తాళంపదం అక్షరాలతో వస్తాయి, మళ్ళీ వాటిని మార్చాలి. రెండోది నాకు నచ్చింది, మేక్‌ఇండెక్స్‌ని పక్కన పెట్టి పైథాన్‌లోనే రాసుకోవడం. ఐడీఎక్స్ ఫైల్లో లైన్‌కి ఒక పదం, ఒక పేజీ నంబర్ ఉంటాయి, అంతకుమించి ఏమీ లేదు. చదువు, పదం వారీగా పేజీలు పోగెయ్, నీ క్రమంలో సార్ట్ చెయ్, మొదటి అక్షరం మారినప్పుడు శీర్షిక రాయి, లేటెక్ పదసూచికగా చదివే ఐఎన్‌డీ ఫైల్‌గా రాసెయ్. 112, 113, 114 వరసగా ఉంటే 112–114 అని కలపడం కూడా అందులోనే. వంద లైన్లు కూడా దాటదు.

పెర్ల్_తాతయ్య
రాశాక లేటెక్‌ఎంకేకి చెప్పండి. లేటెక్‌ఎంకేఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో మేక్‌ఇండెక్స్ అన్న వేరియబుల్‌కి మీ పైథాన్ కమాండ్ ఇవ్వండి, శాతం గుర్తు పెద్ద ఎస్ అంటే చదవాల్సిన ఫైల్, శాతం గుర్తు పెద్ద డీ అంటే రాయాల్సిన ఫైల్. ఐడీఎక్స్ మారినప్పుడల్లా అది మీ స్క్రిప్ట్‌నే పిలుస్తుంది.

పుస్తకాలపిచ్చి
పైథాన్ లేటెక్‌ఎంకేని పిలుస్తుంది, అది పెర్ల్, అది మళ్ళీ పైథాన్‌ని పిలుస్తుంది 😂

పెర్ల్_తాతయ్య
వియ్యం అందుకున్నాం అనుకోండి.

డల్లాస్_మామ
సార్టింగ్ క్రమం చేత్తో రాయక్కర్లేదు, పైఐసీయూ అనే పైథాన్ లైబ్రరీ వాడి తెలుగు లొకేల్‌తో కొలేటర్ (అక్షరక్రమం తెలిసిన సాధనం) తీసుకుంటే సున్నా, విసర్గ ఔ తర్వాతకి వెళ్తాయి. ప్రతి పదానికి సార్ట్ కీ అడిగితే ఇస్తుంది, దాన్ని సార్టెడ్‌కి ఇవ్వడమే.

గోదారిగట్టు
అది ఒక పద్ధతి. పాత నిఘంటువులు చూసినవాళ్ళు ఒప్పుకోరు. కొందరు సున్నాని తర్వాత వచ్చే హల్లు వర్గం అనునాసికంగా లెక్కేస్తారు, అంక అంటే ఙ కింద, అంత అంటే న కింద. క్ష సంగతి చెప్పక్కర్లేదు, క లోపల పెట్టాలా, బడిలో నేర్పినట్టు చివర్లో పెట్టాలా? సంపాదకుణ్ణి అడిగి ఆయన ఏదంటే అది కోడ్‌లో పెట్టడం మంచిది. అందుకే క్రమాన్ని ఒక లిస్టుగా విడిగా ఉంచుకుంటే మార్చడం తేలిక.

ఓరుగల్లు_పోరడు
నాది పక్క ముచ్చట. మా కాలేజీల సర్టిఫికెట్లు గిట్లనే చేద్దాం అనుకుంటున్న. ఎక్సెల్‌ల పేర్లు ఉంటయ్, ఒక్కో పేరుకు ఒక్క పీడీఎఫ్. జరంత చెప్పుర్రి ఏమన్న చిక్కులుంటయా?

డల్లాస్_మామ
ఉంటాయ్ ఉంటాయ్. మా తెలుగు సంఘం పిల్లల సర్టిఫికెట్లు నేనే చేస్తా. చిక్కులు చెప్తా విను.

పేర్లలో, ఊళ్ళలో, ఈమెయిళ్ళలో లేటెక్‌కి పడని గుర్తులుంటాయి. "అండ్" గుర్తు, శాతం, అండర్‌స్కోర్, డాలర్, హ్యాష్. "రావు & సన్స్" అని స్పాన్సర్ పేరు ఉంటే అక్కడే ఢమాల్. శాతం అయితే ఇంకా ఘోరం, ఎర్రరే రాదు, ఆ లైన్‌లో మిగతాది కామెంట్ అనుకుని మింగేస్తుంది. వీటికి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, కానీ రీప్లేస్ మీద రీప్లేస్ పెట్టకు. ముందు బ్యాక్‌స్లాష్‌ని టెక్స్ట్‌బ్యాక్‌స్లాష్‌గా మార్చి తర్వాత మీసాల బ్రాకెట్లకి బ్యాక్‌స్లాష్ పెడితే, నువ్వు ఇందాక పెట్టిన బ్రాకెట్లే మళ్ళీ మారిపోతాయ్. పైథాన్‌లో ట్రాన్స్‌లేట్‌తో అన్నీ ఒక్క దెబ్బకి మార్చు.

ఒక్కో సర్టిఫికెట్‌కి విడి టెంపరరీ ఫోల్డర్ ఇవ్వు. నాలుగు ఒకేసారి నడిపేవాళ్ళు ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో నడిపితే ఒకడి ఆక్స్ ఫైల్ ఇంకొకడు తొక్కేస్తాడు, లక్ష్మి సర్టిఫికెట్‌లో సురేష్ పేరొస్తుంది. అసలు సర్టిఫికెట్లకైతే విడివిడిగా ఎందుకు, అన్నీ ఒకే టెక్ ఫైల్లో పేజీకి ఒకటి పెట్టి ఒక్కసారి కంపైల్ చేసి, తర్వాత పేజీలు విడగొట్టు. జీలేటెక్ ప్రతిసారీ ప్యాకేజీలు, ఫాంట్లు లోడ్ చేసుకునే టైమంతా మిగులుతుంది.

ఓరుగల్లు_పోరడు
ఒక్క ఫైల్‌ల పెట్టుడు మంచిగుంది మామ. ఇంకోటి, పిల్లలే వెబ్‌సైట్ల పేరు కొట్టి పీడీఎఫ్ దించుకునేటట్టు పెడితే?

కొలిమి_కోడర్
అప్పుడు మాత్రం భద్రం. లేటెక్ అంటే పూర్తి ప్రోగ్రామింగ్ భాష. ఎవడో పేరు చోట ఇన్‌పుట్ కమాండ్ రాసి సర్వర్‌లో ఉన్న ఫైల్‌ని తన సర్టిఫికెట్‌లో అచ్చేయించుకోవచ్చు. మామ చెప్పిన ఎస్కేపింగ్ తప్పకుండా చెయ్యి, షెల్ ఎస్కేప్ (లేటెక్ లోంచి సిస్టమ్ కమాండ్లు నడిపే వీలు) ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చెయ్యకు, టెక్ సెట్టింగుల్లో ఓపెన్‌ఇన్ ఎనీ అనేది డిఫాల్ట్‌గా ఏదైనా చదవొచ్చు అని ఉంటుంది, దాన్ని పారనాయిడ్‌కి మార్చు. వీలైతే నెట్ లేని కంటైనర్‌లో నడుపు. సబ్‌ప్రాసెస్‌కి కమాండ్ లిస్టుగా ఇవ్వు, షెల్ ట్రూ పెట్టకు, ఫైల్ పేరులో ఖాళీ ఉన్నా విరగదు.

లాగ్_లచ్చిమి
డల్లాస్ మామ ఒకటి వదిలేశారు, అన్నిట్లోకీ దొంగ జబ్బు అదే. ఫాంట్‌లో లేని అక్షరం వస్తే లేటెక్ ఎర్రర్ ఇవ్వదు. లాగ్‌లో "మిస్సింగ్ క్యారెక్టర్" అని ఒక లైన్ రాసి ముందుకు పోతుంది. ఎగ్జిట్ కోడ్ సున్నా, స్క్రిప్ట్ "సక్సెస్" అంటుంది, పీడీఎఫ్‌లో మాత్రం ఆ అక్షరం ఉండదు. మాకు ఒక ఫీజు రసీదులో రూపాయి గుర్తు ఇలాగే మాయమైంది, ఆ ఫాంట్ రూపాయి గుర్తు రాకముందుది. అంకె ఉంది కాబట్టి ఎవరూ గమనించలేదు, ఆడిట్‌లో అడిగేదాకా.

మందు ఉంది. ట్రేసింగ్ లాస్ట్ క్యార్స్ అనే విలువని 3 చెయ్యి, టెక్‌లైవ్ 2021 నుంచి అది నిజం ఎర్రర్ అయి ఆగుతుంది. పాత వెర్షన్ అయితే స్క్రిప్ట్ లాగ్ చదివి ఆ మాట వెతకాలి.

గోదారిగట్టు
లాగ్‌లో వెతికేవాళ్ళకి, లైన్లు 79 అక్షరాల దగ్గర తెగుతాయి. పెద్ద ఫైల్ పేరున్నా పొడుగు వార్నింగ్ ఉన్నా మధ్యలో విరిగి రెండో లైన్‌లోకి పోతుంది, రెజెక్స్‌తో (నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) వెతికితే దొరకదు. మ్యాక్స్ ప్రింట్ లైన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని 10000 పెట్టి నడిపితే ఒకే లైన్‌లో వస్తుంది. లాగ్ ఫైల్ పైథాన్‌లో తెరిచేటప్పుడు ఎర్రర్స్‌కి రీప్లేస్ అని ఇవ్వండి, తెలుగు అక్షరం మధ్యలో తెగి ఉంటే డీకోడ్ ఎర్రర్‌తో మీ స్క్రిప్టే పడిపోతుంది.

పుస్తకాలపిచ్చి
లచ్చిమక్కా, 3 పెట్టగానే మూడు చోట్ల ఆగింది! ఒకటి రూపాయి గుర్తే. మిగతా రెండూ ఎక్కణ్ణుంచో కాపీ చేసిన వ్యాసంలో విచిత్రమైన డ్యాష్‌లు. రెండు ప్రూఫులు దాటి వచ్చాయి అవి.

థీసిస్_బాధితురాలు
అలా ఎర్రర్‌తో మధ్యలో ఆగినప్పుడు ఆక్స్ ఫైల్ సగం రాసి ఉంటుంది ఒక్కోసారి. తప్పు దిద్ది మళ్ళీ నడిపినా అర్థంకాని ఎర్రర్ వస్తే కంగారు పడకు, చిన్న సీ కొట్టి మొదట్నుంచి నడుపు. చిన్న సీ!

పుస్తకాలపిచ్చి
క్యాప్స్ లాక్ చూసుకునే కొడతా 😄 ఇంకొక్కటి, లాగ్ నిండా ఓవర్‌ఫుల్ వార్నింగులు. సమాసాలు పొడుగ్గా ఉన్న చోట లైన్ మార్జిన్ దాటుతోంది. అన్నీ చూడాలా?

లాగ్_లచ్చిమి
ఆ వార్నింగులోనే ఎన్ని పాయింట్లు దాటిందో, ఏ లైన్ల మధ్యో ఉంటుంది. స్క్రిప్ట్‌తో ఆ అంకె పట్టుకుని 2 పాయింట్లు దాటినవి మాత్రమే చూపించమను, మిగతావి కంటికి ఆనవు. భాషల ప్యాకేజీ పాలీగ్లాసియాలో భాష తెలుగు అని ఇచ్చావా? ఇస్తే పదాలు విరిచే తెలుగు పాటర్న్లు లోడ్ అవుతాయి, సగం వార్నింగులు పోతాయి. మిగిలినవాటికి ఎమర్జెన్సీ స్ట్రెచ్ (పదాల మధ్య ఖాళీ అదనంగా సాగే వీలు) కొంచెం ఇవ్వు. అప్పటికీ మిగిలితే ఆ వాక్యం మీద శంకర్ గారిలాంటి కన్ను పెట్టాల్సిందే.

శంకర్_డీటీపీ
విన్నారా, చివరికి మా కన్నే కావాలి 😀

టైప్స్ట్_బాబు
పాన్‌డాక్‌కే పీడీఎఫ్ ఇంజన్‌గా లేటెక్‌ఎంకేని ఇస్తే మధ్యలో పైథాన్ పని తగ్గుతుంది కదా? లేటెక్ వాళ్ళకి సాయం చేస్తున్నా చూడండి.

కొలిమి_కోడర్
ఇవ్వొచ్చు, పనిచేస్తుంది. కానీ పాన్‌డాక్ అదంతా టెంపరరీ ఫోల్డర్‌లో చేసి చెరిపేస్తుంది, ఆక్స్ మిగలదు కాబట్టి ప్రతిసారీ మొదట్నుంచే, పైగా లాగ్ చేతికి రాదు. ఇతనికి లాగే ముఖ్యం. టెక్ ఫైల్ వరకు పాన్‌డాక్, అక్కణ్ణుంచి లేటెక్‌ఎంకే, అదే నయం.

పుస్తకాలపిచ్చి
పాలీగ్లాసియాలో తెలుగు పెట్టా, వార్నింగులు బాగా తగ్గాయి. పదసూచిక స్క్రిప్ట్ రాశా, శీర్షికలు వచ్చాయి, సంపాదకుడు క్ష ని క లోనే ఉంచమన్నారు, సున్నా గురించి రేపు చెప్తానన్నారు, లిస్టు విడిగా ఉంది కాబట్టి ఏదన్నా ఒకటే పని. సర్వర్‌లో రాత్రి నడిచి పొద్దున్నకి పీడీఎఫ్ మెయిల్‌లో ఉంది. శంకర్ గారూ, ఇప్పుడు ప్రెస్ సంగతులు చెప్పండి. 424 పేజీలు వచ్చింది.

శంకర్_డీటీపీ
ఫారానికి (ఒకే కాగితం మీద అచ్చేసి మడిచేది) 16 పేజీలు. 424 అంటే 26 ఫారాలు, ఒక అర ఫారం. అర ఫారం వేస్తారు, ఇబ్బంది లేదు. కానీ రచయిత ఇంకో రెండు పేజీలు కలిపితే 426 అవుతుంది, అప్పుడు మిగిలిన ఖాళీ పేజీలకి కూడా కాగితం డబ్బు మీదే. మీ స్క్రిప్ట్ అంత తెలివైనదైతే పేజీలు 8తో భాగించి ఎంత మిగిలిందో కూడా చెప్పమనండి.

అక్షరం పూర్తి నలుపులో ఉండాలి, నాలుగు రంగులు కలిపిన నలుపు కాదు. ఫాంట్లు పీడీఎఫ్‌లో ఎంబెడ్ అయి ఉండాలి, అది ముందు చూసుకోండి, ప్రెస్‌లో తెరిచాక వత్తులు పోయాయంటే ఆ రోజు ప్లేట్లు వృథా.

గోదారిగట్టు
పీడీఎఫ్‌ఫాంట్స్ అని కమాండ్ ఉంది, పాప్లర్ టూల్స్‌లో వస్తుంది. ఎంబెడ్ కాలమ్‌లో ఒక్క "నో" కనపడినా స్క్రిప్ట్ ఆగిపోయేలా పెట్టుకో. పేజీల సంఖ్యకి పీడీఎఫ్‌ఇన్ఫో.

పుస్తకాలపిచ్చి
రెండూ కలిపేశా. ఫాంట్లన్నీ ఎంబెడ్ అయ్యాయి. 8తో భాగించే చెక్ కూడా పెట్టా, శంకర్ గారి పేరే పెట్టా ఫంక్షన్‌కి.

శంకర్_డీటీపీ
పేరు సరే, పుస్తకం కాపీ ఒకటి పంపండి. పదసూచిక ఎలా వచ్చిందో మా కుర్రాడికి చూపించాలి.